పైథాన్ విద్యకు నారుమడి: స్వంత కంప్యూటరును సిద్ధపఱచుకొను విధము

పోచారము చెరువు క్రిందను, నిజాంసాగరు కాలువల క్రిందను వరి నాటించు రైతు విత్తనములను నేరుగా పెద్ద మడిలో చల్లడు. ముందుగా కొద్ది గుంటల నేలను దున్ని, చదును చేసి, నారుమడి కట్టి, మూడు నాలుగు వారములు దానిని కంటికి రెప్పవలె కాచును. నారు కుదిరిన పిమ్మటనే నాట్లు మొదలిడును. నారుమడిలో తెగులు కనబడినయెడల నష్టము కొద్దిపాటిది; సరిదిద్దుకొనుటకు వ్యవధియు కలదు. అదే తెగులు నాటిన పొలమంతయు వ్యాపించినచో సంవత్సరపు కష్టము నీటిపాలగును.

కంప్యూటరు విద్యలోను ఈ న్యాయమే వర్తించును. లోకులందఱు తెఱచి చూచు వెబ్ అప్లికేషను పెద్ద మడి వంటిది. దానిని వ్రాయువారు తమ స్వంత కంప్యూటరులో ముందుగా ఏర్పఱచుకొను సాధనస్థలము నారుమడి వంటిది. పైథాన్ భాషలో వెబ్ అప్లికేషను వ్రాయగోరు విద్యార్థి అట్టి సాధనస్థలమును ఎట్లు కట్టుకొనవలెనో, ఏ మెలకువలు పాటింపవలెనో ఈ వ్యాసమున వివరింతుము. తల్లిదండ్రులకు సాంకేతిక విషయములన్నియు తెలియకపోయినను, పిల్లలు చేయుచున్న పనిలో ఎచ్చట జాగ్రత్త వలయునో తెలియుట మంచిదని తలచి, సాధ్యమైనంత సులభముగా వ్రాయుచున్నాము.

1. ఈ జాగ్రత్త ఏల?

వెబ్ అప్లికేషను అనగా బ్రౌజరు ద్వారా మనము అడిగిన దానికి బదులు చెప్పు ప్రోగ్రాము. రైలు టికెట్టు కొనుట, పరీక్షాఫలితము చూచుట, విద్యుత్తు బిల్లు కట్టుట మొదలగు పనులన్నియు నేడు ఇట్టి ప్రోగ్రాముల మీదనే నడచుచున్నవి. ఇందలి తప్పు కాగితముమీది తప్పు వంటిది కాదు. ఒక్కచోట దొరలిన పొరపాటు ఒక్క గడియలో వేలకొలది ఇండ్లకు చేరును.

ఇందుకు దూరదేశపు దృష్టాంతము వెదుక నక్కఱలేదు. 2019వ సంవత్సరము ఏప్రిలు నెలలో తెలంగాణ ఇంటర్మీడియేట్ ఫలితములు వెలువడినపుడు మార్కుల పట్టీలలో తప్పులు కనబడినవి. రాష్ట్రమంతట విద్యార్థులును తల్లిదండ్రులును ఆందోళన చెందిరి. ప్రభుత్వము ముగ్గురు సభ్యుల సంఘమును నియమించి విచారణ జరిపించెను. అనుత్తీర్ణులైన వారందఱి పత్రములు మరల పరిశీలింపబడగా, వేయిమందికి పైగా విద్యార్థులు ఉత్తీర్ణులని తేలిరి. ఆ తప్పులన్నియు ఒక్క ప్రోగ్రాము వలననే కలిగినవి కావు. మనుష్యుల చేతి పొరపాట్లును వానిలో ఉన్నవి. అయినను నేర్వవలసిన పాఠము స్పష్టము. వేలమంది బ్రదుకులను తాకు పనిని లోకము ముందు పెట్టకముందే, ఎవరికిని హాని కలుగని చోట పలుమాఱులు పరీక్షించి చూడవలెను. ఆ హాని కలుగని చోటే సాధనస్థలము.

రెండవ కారణము మన ప్రాంతమునకు చెందినది. 2025 ఆగస్టు నెలాఖరున కామారెడ్డి జిల్లాలో కురిసిన కుంభవృష్టికి రైలుమార్గము క్రింది కట్ట కోసుకొనిపోయి రాకపోకలు స్తంభించినవి. అంతటి విపత్తు లేకున్నను, గాలివానకు ఇంటర్నెట్టు తెగుట పల్లెటూళ్లలో ఉన్నవారికి క్రొత్త కాదు. దూరపు సర్వరు మీదనే ఆధారపడి నేర్చుకొనువాని చదువు తీగ తెగిన దినమున నిలిచిపోవును. కావలసిన సామగ్రియంతయు స్వంత యంత్రములో నున్నవాడు తీగ లేకున్నను తన పనిని తాను చేసికొనగలడు.

2. పైథాన్ భాషను తెచ్చుకొనుట

పైథాన్ భాషను హాలెండు దేశస్థుడగు గీడో వాన్ రాసమ్ 1989 క్రిస్మసు సెలవులలో కాలక్షేపమునకై ఆరంభించెను. 1991లో అది మొదటిసారి లోకమునకు విడుదలయ్యెను. కొండచిలువను బట్టి దీనికి ఆ పేరు వచ్చినదని పలువురు తలంతురు గాని, మాంటీ పైథాన్ అను ఆంగ్ల హాస్యనటుల బృందము పేరే దీనికి పెట్టబడినది. ఈ భాషకు వెల లేదు. ఎవరైనను ఉచితముగా తెచ్చుకొని వాడుకొనవచ్చును.

2008లో మూడవ పైథాన్ వెలువడినది. రెండవ పైథానుకు పోషణ 2020 జనవరి 1వ తేదీతో ముగిసినది. కాబట్టి పాత పుస్తకములలోని రెండవ పైథాన్ పాఠములను అనుసరింపక, మూడవ పైథాన్‌నే వాడవలెను.

విండోస్ యంత్రము గలవారు పైథాన్ సంస్థవారి స్వంత వెబ్‌సైటు నుండి స్థాపకపు ఫైలును దింపుకొని నడుపవలెను. అప్పుడు తెరమీద కనబడు చిన్న గడులలో పైథాన్‌ను పాత్ అను జాబితాలో చేర్చుమని చెప్పు గడి యొకటి యుండును. దానిని గుర్తు పెట్టుట మఱవరాదు. పాత్ అనునది యంత్రము ప్రోగ్రాములను వెదకు చోట్ల జాబితా. అందు పైథాన్ లేనిచో, టెర్మినల్‌లో మనము పైథాన్ అని పిలిచినను అది పలుకదు. ఉబుంటు మొదలగు లినక్స్ యంత్రములలో పైథాన్ ముందే యుండును. కాని తరువాతి మెట్టునకు కావలసిన వెన్వ్ అను భాగమును కొన్నింట వేఱుగా చేర్చుకొనవలసియుండును.

టెర్మినల్ అనునది యంత్రమునకు అక్షరములతో ఆజ్ఞలిచ్చు కిటికీ. దానిని చూచి క్రొత్తవారు జంకుదురు. మౌసుతో బొమ్మలను తాకుటకు బదులు మాటతో చెప్పుట తప్ప అందు వింత యేమియు లేదు. ఈ వ్యాసమున ఆజ్ఞలను తెలుగు లిపిలో చెప్పుచున్నాము. యంత్రములో మాత్రము వానిని ఇంగ్లీషు చిన్న అక్షరములతోనే కొట్టవలెను.

3. ప్రతి పనికి వేఱు గది

సాధనస్థలమునకు ఇదియే గుండెకాయ వంటిది. కావున కొంచెము విపులముగా చెప్పుదుము.

పైథాన్‌తో వెబ్ పని చేయుటకు ఇతరులు వ్రాసియుంచిన ప్యాకేజీలు అనేకములు కావలెను. వానిని పిప్ అను పనివాడు ఇంటర్నెట్టులోని భాండారము నుండి తెచ్చిపెట్టును. ఈ ప్యాకేజీలు కాలక్రమమున మాఱుచుండును. ఒక ప్యాకేజీకి క్రొత్త కూర్పు వచ్చినపుడు పాత కూర్పుతో వ్రాసిన ప్రోగ్రాము ఒక్కొక్కప్పుడు పనిచేయకపోవచ్చును. ఒకే యంత్రముమీద పదవ తరగతి పిల్లలు నిరుడు ఒక ప్రోగ్రాము వ్రాసిరనుకొనుడు. ఈ యేడు తొమ్మిదవ తరగతివారు అదే యంత్రములో అదే ప్యాకేజీ యొక్క క్రొత్త కూర్పును స్థాపించినచో పాతది తొలగిపోవును. నిరుటివారి ప్రోగ్రామును ఎవరును తాకకున్నను అది చెడిపోవును. తప్పు ఎవరిదో తెలియక వారు వీరిని, వీరు వారిని నిందించుకొందురు.

ఈ చిక్కును విప్పుటకే వెన్వ్ అను ఏర్పాటు కలదు. ఇది 2012లో వెలువడిన 3.3వ కూర్పు నుండి పైథాన్‌లోనే చేరియున్నది. వసతిగృహములో ప్రతి విద్యార్థికి ఒక పెట్టె యుండి ఎవరి బట్టలు వారి పెట్టెలో నున్నట్లే, వెన్వ్ ప్రతి పనికి ఒక వేఱు గదిని కట్టియిచ్చును. ఒక గదిలోని ప్యాకేజీలు మఱియొక గదివారికి అడ్డురావు.

గదిని కట్టు విధము ఇది. మొదట పనికి ఒక ఫోల్డరు చేసి, టెర్మినల్‌లో ఆ ఫోల్డరులోనికి ప్రవేశింపవలెను. పిమ్మట నాలుగు మాటల ఆజ్ఞ నీయవలెను: పైథాన్ అను మాట, చిన్న అడ్డగీతయు దానినంటి ఎం అను అక్షరమును, వెన్వ్ అను మాట, చివర గదికి మనము పెట్టు పేరు. కొన్ని లినక్స్ యంత్రములలో మొదటి మాటకు చివర 3 అను అంకెను చేర్చవలెను. కొద్ది క్షణములలో ఆ పేరుతో ఒక క్రొత్త ఫోల్డరు ఏర్పడును.

గది కట్టినంతనే చాలదు, అందులోనికి ప్రవేశింపవలెను. విండోస్‌లో ఆ గది ఫోల్డరులోని స్క్రిప్ట్స్ అను భాగములో నున్న ఆక్టివేట్ అను ఫైలును పిలువవలెను. లినక్స్‌లో బిన్ అను భాగములోని ఆక్టివేట్ ఫైలును, ముందు సోర్స్ అను మాటను చేర్చి పిలువవలెను. ప్రవేశించిన గుర్తుగా టెర్మినల్ పంక్తికి మొదట గది పేరు కుండలీకరణములలో కనబడును. ఆ పేరు కనబడనంతవరకు పిప్‌ను పిలువరాదు; పిలిచినచో సామానులు గదిలో గాక నట్టింట పడును. 2023 తరువాతి డెబియన్, ఉబుంటు కూర్పులలో నట్టింట సామాను పెట్టబోయిన పిప్‌ను యంత్రమే అడ్డగించి హెచ్చరించును. దానిని చూచి భయపడక, గదిలోనికి ప్రవేశించి మరల ఆజ్ఞాపింపవలెను.

మఱియొక హెచ్చరిక. భాండారములో ప్యాకేజీలను ఎవరైనను చేర్చవచ్చును. ప్రసిద్ధమైన పేరులో ఒక్క అక్షరము మార్చి దుర్బుద్ధితో వ్రాసిన ప్యాకేజీలను పెట్టువారును కలరు. కాబట్టి పేరును ఒకటికి రెండు మాఱులు సరిచూచుకొని కొట్టవలెను.

4. మొదటి పుట తెఱచుట

వెబ్ అప్లికేషనుకు కావలసిన ముడిపనులను ముందే చేసియుంచిన కట్టడమును ఫ్రేంవర్క్ అందురు. పైథాన్‌లో అట్టివి రెండు సుప్రసిద్ధములు. మొదటిది జాంగో. 2003లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమున లారెన్స్ జర్నల్ వరల్డ్ అను వార్తాపత్రికలో పనిచేయుచుండిన ఏడ్రియన్ హోలొవాటీ, సైమన్ విల్లిసన్ అనువారు దీనిని ఆరంభించిరి. 2005లో ఇది అందఱికి విడుదలయ్యెను. వార్తాపత్రికవారికి గంటలలో పని తెమలవలెను గదా! అందుచేత జాంగోలో సభ్యుల నమోదు, పట్టికలు, నిర్వాహకుల పుట మొదలైనవి ముందే సిద్ధముగా నుండును. రెండవది ఫ్లాస్క్. దీనిని ఆర్మిన్ రోనాఖర్ 2010లో వెలువరించెను. ఇది చిన్నది, కావలసినది మాత్రమే మనము చేర్చుకొనవచ్చును. మొదట ఫ్లాస్క్‌తో అక్షరాభ్యాసము చేసి, పిమ్మట పెద్ద పనులకు జాంగోను చేపట్టుట సుకరమని మా యభిప్రాయము.

పాఠశాల గ్రంథాలయపు పుస్తకముల జాబితాను చూపు చిన్న అప్లికేషనును ఉదాహరణముగా తీసికొందము. గదిలో ప్రవేశించిన పిదప పిప్ ఇన్‌స్టాల్ ఫ్లాస్క్ అని ఆజ్ఞాపించినచో ఫ్లాస్క్ వచ్చి చేరును. తరువాత ఒక ఫైలులో ఐదు పంక్తులు వ్రాసిన చాలును. మొదటి పంక్తి ఫ్లాస్క్‌ను లోనికి పిలుచును. రెండవది మన అప్లికేషనును పుట్టించి దానికి పేరిడును. మూడవది, ముంగిలి పుటను ఎవరైనను అడిగినచో ఏ పని జరుగవలెనో దారి చూపును. నాలుగవది ఆ పనికి పేరు పెట్టును. ఐదవది గ్రంథాలయమునకు స్వాగతమను వాక్యమును తిరిగి పంపును.

ఇక ఫ్లాస్క్ రన్ అను ఆజ్ఞతో దానిని నడుపవలెను; రన్ అను మాటకు ముందు ఆప్ అను సూచనతో మన ఫైలు పేరును చెప్పవలెను. అప్పుడు టెర్మినల్‌లో ఒక చిరునామా కనబడును: 127.0.0.1, పిమ్మట రెండు చుక్కలు, 5000 అను సంఖ్య. దీని అర్థమును తెలిసికొన్నవాడు సాధనస్థలపు రహస్యమును సగము తెలిసికొన్నట్లే. 127.0.0.1 అనగా ఈ యంత్రమే. ఏ కంప్యూటరులో కూర్చుండి అడిగినను ఈ చిరునామా ఆ కంప్యూటరునే సూచించును. వీధికి తలుపు లేని లోగిలి వంటిదన్నమాట. 5000 అనునది ఆ లోగిలిలోని గడప సంఖ్య. దీనిని పోర్టు అందురు. జాంగో తన సాధన సర్వరునకు 8000 అను గడపను వాడును. బ్రౌజరులో ఆ చిరునామా కొట్టినంతనే మన వాక్యము తెరమీద వచ్చును. ఇంటర్నెట్టు తీగను తీసివేసి చూచినను వచ్చును. అడిగినదియు, బదులు చెప్పినదియు ఒకే యంత్రము గదా!

ఈ సాధన సర్వరు అభ్యాసమునకే గాని ప్రజల రాకపోకలకు తగినది కాదని దానిని వ్రాసినవారే హెచ్చరించుచున్నారు. డీబగ్ అను స్థితిలో నడిపినచో మనము ఫైలును మార్చినంతనే అది తనంతట తాను మరల మొదలగును. తప్పు జరిగిన పంక్తిని బ్రౌజరులోనే విప్పి చూపును. నేర్చుకొనువానికి ఇది ప్రక్కన కూర్చుండిన ఉపాధ్యాయుని వంటిది. లోకము చూచు సర్వరులో ఇదే స్థితిని ఉంచినచో, మన ఇంటి తాళపుచెవుల గుత్తిని వీధిగుమ్మమునకు తగిలించినట్లగును. కావున డీబగ్ ఇంటిలోనే, వీధిలో కూడదు.

5. పట్టికలను దాచు చోటు

పుస్తకముల పేళ్లు, తీసికొన్న తేదీలు దాచుటకు డేటాబేసు కావలెను. నేర్చుకొనువారికి ఎస్‌క్యూలైట్ చాలును. డి. రిచర్డ్ హిప్ 2000వ సంవత్సరమున వెలువరించిన ఈ డేటాబేసు అంతయు ఒకే ఫైలులో నుండును. దీనిని నడుపు భాగము పైథాన్‌తోనే వచ్చును గనుక వేఱుగా తేవలసినది లేదు. ఆ ఒక్క ఫైలును తుడిచివేసినచో అంతయు తొలగిపోవును. మరల మొదటినుండి ఆరంభింపవచ్చును. అభ్యాసమున ఇది గొప్ప సౌకర్యము. పెద్ద సర్వరులలో పోస్ట్‌గ్రెస్ మొదలగు డేటాబేసులను వాడుదురు. వాని నడవడి కొన్ని విషయములలో వేఱు. కనుక పనిని లోకమునకు పంపకముందు అక్కడ వాడబోవు డేటాబేసుతోనే ఒకమాఱు పరీక్షించుట మంచిది.

6. తెలుగు అక్షరములతో వచ్చు చిక్కు

ఇంగ్లీషు పాఠములలో ఈ సంగతి చాలవఱకు కనబడదు. తెలుగువారికి మాత్రము మొదటి దినముననే ఎదురగును.

తెలుగు లిపి 1991లో వెలువడిన మొదటి యూనికోడ్ కూర్పులోనే చేరినది. అందు మన హల్లులు, అచ్చులు, గుణింతపు గుర్తులు, పొల్లు అన్నిటికిని వేఱు వేఱు సంఖ్యలు ఇయ్యబడినవి. కామారెడ్డి అను మాటను చూడుడు. మన కంటికి కా, మా, రె, డ్డి అని నాలుగక్షరములు. దీని పొడవు ఎంతయని పైథాన్‌ను అడిగినచో 10 అని చెప్పును. క, దీర్ఘము, మ, దీర్ఘము, ర, ఎత్వము, డ, పొల్లు, డ, గుడి: ఇవి పది. ఎల్లారెడ్డియు మన లెక్కకు నాలుగక్షరములే గాని, లకార ద్విత్వము వలన పైథాన్ లెక్కకు 11. కాబట్టి ఊరిపేరు పది అక్షరములకు మించరాదని ఒక గడిలో నియమము పెట్టినచో కామారెడ్డి పిల్లవాడు నమోదగును, ఎల్లారెడ్డి పిల్లవాడు నిరాకరింపబడును! ఇట్టి దోషము ఇంగ్లీషు పేళ్లతో పరీక్షించినవానికి ఎన్నటికిని దొరకదు. స్వంత సాధనస్థలములో మన ఊళ్ల పేళ్లతో, మన ఇంటిపేళ్లతో పరీక్షించినవానికే దొరకును.

ఇంకొక చిక్కు ఫైలులలో దాచునపుడు కలుగును. యూటీఎఫ్ 8 అను పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తునకు మూడు బైట్లు పట్టును. కామారెడ్డికి 30, ఎల్లారెడ్డికి 33. లినక్స్ యంత్రములలో పైథాన్ ఫైళ్లను సాధారణముగా ఈ పద్ధతిలోనే చదువును. విండోస్‌లో మాత్రము పైథాన్ చిరకాలము ఆ యంత్రపు స్థానిక పద్ధతిని పాటించుచు వచ్చినది. ఆ పద్ధతిలో తెలుగునకు చోటు లేకపోవచ్చును. అందుచేత ఇంటి యంత్రములో తెలుగు పేరు వ్రాయబోగా తప్పు అని చూపిన ప్రోగ్రాము దూరపు సర్వరులో చక్కగా నడచుటయు, ఇక్కడ వ్రాసిన జాబితా అక్కడ గజిబిజి గుర్తులుగా కనబడుటయు సంభవించును. దీనికి మందు చిన్నది. ఫైలును తెఱచు ప్రతిచోట యూటీఎఫ్ 8 పద్ధతిని వాడుమని స్పష్టముగా వ్రాయవలెను. ఏ కూర్పునందైనను, ఏ యంత్రమందైనను ఈ అలవాటు మేలే చేయును.

ఇట్టిదే మఱియొక భేదము కలదు. విండోస్ ఫైళ్ల పేళ్లలో ఇంగ్లీషు పెద్ద అక్షరమును చిన్న అక్షరమును ఒకటిగా చూచును. లినక్స్ వేఱుగా చూచును. ఫైళ్లకు ఎల్లప్పుడు చిన్న అక్షరములతోనే పేరు పెట్టుకొన్నవారికి ఈ బాధ లేదు.

7. కామారెడ్డి నుండి ఎల్లారెడ్డికి

కామారెడ్డిలో వేగమైన ఇంటర్నెట్టు గల విద్యార్థి తన గదిని చక్కగా కట్టుకొన్నాడనుకొందము. ఎల్లారెడ్డి చేరువ పల్లెలో నున్న అతని మిత్రునకు అదే పని కావలెను. అతనికి ఇంటర్నెట్టు మందము. గది ఫోల్డరును ఉన్నదున్నట్లు ఎత్తి పంపరాదు. అది కట్టిన యంత్రములోని దారులను తనలో వ్రాసికొనియుండును గనుక మఱియొక యంత్రములో సరిగా పనిచేయదు. ఇల్లును మోసికొనిపోవుట కాక, ఇంటి నక్షాను పంపవలెను.

ఆ నక్షాయే రిక్వైర్‌మెంట్స్ అను చిన్న ఫైలు. పిప్ ఫ్రీజ్ అని ఆజ్ఞాపించినచో గదిలోని ప్యాకేజీల పేళ్లను, వాని కూర్పు సంఖ్యలతో సహా, వరుసగా చెప్పును. దానిని ఆ ఫైలులో వ్రాసి యుంచుకొనవలెను. కూర్పు సంఖ్యలు మఱవరాదు. సంఖ్య లేని జాబితాను బట్టి ఆరు నెలల తరువాత కట్టిన గది వేఱు గది యగును.

ఇంటర్నెట్టు లేనివారి కొఱకు పిప్‌లో మఱియొక సదుపాయము కలదు. పిప్ డౌన్‌లోడ్ అను ఆజ్ఞతో ఆ జాబితాలోని ప్యాకేజీలన్నిటిని ఒక ఫోల్డరులోనికి దింపవచ్చును. ఆ ఫోల్డరును పెన్‌డ్రైవులో వేసికొని ఎల్లారెడ్డి బస్సెక్కిన చాలును. అక్కడి మిత్రుడు క్రొత్త గది కట్టుకొని, భాండారమునకు పోవద్దనియు, ఈ ఫోల్డరులోనే వెదకుమనియు పిప్‌ను ఆజ్ఞాపించినచో ఒక్క క్షణమైనను ఇంటర్నెట్టు లేకయే అంతయు స్థాపితమగును. రెండు యంత్రములును ఒకే జాతివి, పైథాన్ కూర్పులును ఒకటే అయియుండవలెనన్న నియమమును మాత్రము పాటింపవలెను. పైథాన్ వారు తమ గ్రంథములను కూడ దింపుకొని చదువుకొనునట్లు ఉచితముగా ఇచ్చుచున్నారు. వానిని ఆ పెన్‌డ్రైవులోనే చేర్చి పంపుట మిత్రధర్మము.

8. ఇంటి గుట్టు

గది సిద్ధమైన పిమ్మట పాటింపవలసిన నీతి యొకటి కలదు. జాంగోతో క్రొత్త పని ఆరంభించినపుడు అది ఒక రహస్యపు తాళపుచెవిని పుట్టించి సెట్టింగ్స్ ఫైలులో వ్రాయును. ఆ ఫైలును ఇంటర్నెట్టులో అందఱికి కనబడునట్లు పెట్టరాదు. సంకేతపదములను ప్రోగ్రాములో వ్రాయక వేఱు ఫైలులో దాచుకొనవలెను. లినస్ టోర్వాల్డ్స్ 2005లో సృష్టించిన గిట్ అను పరికరముతో మన వ్రాతలోని ప్రతి మార్పును తేదీతో సహా భద్రపఱచుకొనవచ్చును. తప్పటడుగు పడినచో నిన్నటి స్థితికి మరలవచ్చును. అయితే రహస్యపు ఫైలును, గది ఫోల్డరును, డేటాబేసు ఫైలును వదలివేయవలసినవాని జాబితాలో చేర్చిన పిదపనే గిట్‌ను వాడవలెను.

ఇంతకంటె ముఖ్యమైనది తోటి పిల్లల వివరములు. అభ్యాసమునకై పాఠశాలలోని నిజమైన పేళ్లను, పుట్టినతేదీలను, మార్కులను, తల్లిదండ్రుల ఫోను సంఖ్యలను వాడరాదు. 2023లో భారత పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారిని బాలురుగా నెంచి, వారి వివరములను వాడుటకు తల్లిదండ్రుల అనుమతి కావలెనని విధించినది. చట్టము లేకున్నను మర్యాద అదియే. కల్పించిన పేళ్లతో, కల్పించిన మార్కులతో ప్రోగ్రాము ఎంత చక్కగానైనను పరీక్షింపవచ్చును. పొరుగువాని పరువు మన అభ్యాసమునకు సామగ్రి కారాదు.

9. పంపకముందు

లోకము ముందు పెట్టదలచిన పనిని ఈ ప్రశ్నలతో సరిచూచుకొనవలెను. కొత్త గది కట్టి, నక్షా ఫైలునుబట్టి మాత్రమే సామగ్రి తెచ్చినచో ప్రోగ్రాము నడచుచున్నదా? తెలుగు పేళ్లు, మిక్కిలి పొడవైన పేళ్లు, ఏమియు వ్రాయని గడులు ఇచ్చి చూచితిమా? డీబగ్ స్థితిని తీసివేసితిమా? రహస్యములు బయటపడకుండ దాచితిమా? మనకంటె వేఱొకనిచేత ఒకమాఱు వాడించి చూచితిమా? ఈ ఐదింటికిని ఔనని చెప్పగలిగినవాడు ధైర్యముగా ముందునకు పోవచ్చును.

గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకొనవలెననియు, ఇసుకపై కట్టిన యిల్లు వరదకు నిలువదనియు మన పిల్లలు ఆదివారపు పాఠములలో వినియే యున్నారు. సాధనస్థలమును కట్టుకొనుట ఆ పునాది పని. అందు పేరు రాదు, చూచినవారు మెచ్చుకొనరు. ఒకటి రెండు సాయంకాలములు వ్యయమగును. అయినను రేపు ఈ పిల్లలే ఏ కార్యాలయములోనో కూర్చుండి, వేలమంది విద్యార్థుల ఫలితములను, రోగుల చీట్లను, రైతుల ధాన్యపు సొమ్మును లెక్కించు ప్రోగ్రాములను వ్రాయవలసినవారు. ఎదుట కనబడని ఆ వేలమంది నిమిత్తము, ఎవరును చూడని చోట ముందుగా తప్పులను వెదకి దిద్దుకొనుటయే ఈ వృత్తిలోని నిజాయతీ.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. పిల్లవాడు తెరమీద ఎఱ్ఱని అక్షరములతో తప్పుల పట్టికను చూచుచు గంటసేపు కూర్చుండినచో, చదువు సాగుట లేదని తలంపవలదు. నారుమడిలో కలుపు తీయుచున్నాడని తలంపుడు. విద్యార్థులకు మా మాట: ఈ సెలవులలో ఒక్క గది కట్టుడు, ఐదు పంక్తులు వ్రాయుడు, మీ ఊరిపేరును దానిచేత పలికింపుడు. తక్కినది క్రమముగా వచ్చును.